రంగా గారి ప్రసంగాలు - మా బాపు బాకీ చిట్టీ

ఈ సావనీరుకు సైన్సు వాళ్ళు కూడా ఏదో ఒకటి రాసి తీరాలని సంపాదకవర్గంలోని మిత్రులు పట్టుబట్టారు. బి.యస్సీ. విద్యార్థి రాస్తే అణుశక్తి మీదనో, ఓజోను పొర మీదనో రాస్తాడని వాళ్ళ లెక్క. "పార్లమెంటు ప్రసంగాల మీద రాస్త" అన్నాను. ఒక మిత్రుడు నవ్వి, "బాటనీ, జువాలజీ ఇడిశిపెట్టి పొలిటికల్ సైన్సు మీద పడ్డవా?" అన్నాడు. పొలిటికల్ సైన్సులో కూడా సైన్సు అనే మాట వున్నది గదా అని సర్దిచెప్పి కాగితం, కలం పట్టుకున్నాను. అధ్యాపకులు, ఈ కళాశాలలో చదివి వెళ్ళిన పాత విద్యార్థులు కూడా ఈ పుటలు తిరగవేస్తారు గనుక, నేను స్వయంగా చదివినంత మేరకే రాస్తాను.

అసలు దీనికి కారణం ఒక వక్తృత్వపు పోటీ. "రాజ్యసభ అవసరమా?" అనేది విషయం. "అవసరమే" అని మాట్లాడవలసిన వంతు నాకు వచ్చింది. రాజ్యసభ అంటే ఎన్నికల్లో ఓడినవాళ్ళకు విశ్రాంతి మందిరం అని పేపర్లలో చదవటం తప్ప నాకు వేరే సంగతి తెలియదు. రాజనీతిశాస్త్రం చెప్పే మా సార్ దగ్గరకు పోయి అడిగితే, "సభ గురించి చదవకు. ఆ సభలో మాట్లాడిన ఒక మనిషిని పట్టుకొని, ఆయన ఏం మాట్లాడిండో చదువు" అన్నారు. "ఎవర్ని పట్టుకోమంటారు సార్?" అంటే, "మీది వ్యవసాయ కుటుంబం గదా, రంగా గారిని చూడు" అన్నారు.

మా ఇంట్లో రంగా అంటే మనిషి కాదు, యూనివర్సిటీ. 1964లో హైదరాబాదులో పెట్టిన వ్యవసాయ విశ్వవిద్యాలయానికి 1996లో ఆచార్య ఎన్.జి. రంగా పేరు పెట్టారు. రాష్ట్రం విడిపోయిన తర్వాత 2014లో మన తెలంగాణలోని విశ్వవిద్యాలయానికి మన జిల్లావారే అయిన ప్రొఫెసర్ జయశంకర్ గారి పేరు వచ్చింది. రంగా గారి పేరు ఆంధ్రప్రదేశ్ వైపు నిలిచింది. కాని మా బాపు ఇప్పటికీ "రంగా యూనివర్సిటోల్లు జెప్పిన ఇత్తు" అనే అంటాడు. ఆ పేరు వెనుక ఒక మనిషి వున్నాడని, ఆ మనిషి 60 ఏండ్ల పొడవునా ఢిల్లీలో రైతు గురించి మాట్లాడాడని మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

గోగినేని రంగనాయకులు గారు 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టారు. రైతు కుటుంబం. ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రం చదివి వచ్చి మద్రాసు పచ్చయప్ప కళాశాలలో పాఠాలు చెప్పారు. 'ప్రొఫెసర్' అన్నది అక్కడ అంటుకొని చివరిదాకా పోలేదు. 1930లో మొదటిసారి కేంద్ర శాసనసభకు వెళ్ళారు. నిడుబ్రోలులో రైతుల కోసం ఒక బడి నడిపారు. 1936లో లక్నోలో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే ఈయన కార్యదర్శి. తర్వాత రాజ్యాంగసభ, రాజ్యసభలో రెండు మార్లు, తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరుల నుంచి లోక్‌సభ. 1991లో గాని విరమించలేదు. అంత సుదీర్ఘకాలం చట్టసభలో వున్నందుకు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. 1995 జూన్‌లో కన్నుమూశారు. ఇదంతా పోటీ పరీక్షల గైడులో దొరుకుతుంది. ఆయన సభలో లేచి నిలబడి ఏమన్నారన్నది మాత్రం ఏ గైడులోనూ లేదు.

అది వెతుక్కున్నాను. రాజ్యాంగసభ చర్చలు, లోక్‌సభ చర్చలు, రాజ్యసభ చర్చలు అన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. చౌరస్తా దగ్గర జిరాక్సు షాపులో కొన్ని పుటలు తీయించుకొని, పక్కన శంకరనారాయణ నిఘంటువు పెట్టుకొని రాత్రిళ్ళు హాస్టల్లో చదివాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడికి ఆ ఇంగ్లీషు తేలికగా కొరుకుడు పడేది కాదు. ఒక పుటకు ఒక గంట పట్టేది. రికార్డు రాయటానికి కూర్చున్న నా రూమ్మేటు, "పార్లమెంటుకు పోటీ చేస్తున్నవా ఏంది?" అని ఆటపట్టించేవాడు.

మొదట చేతికి వచ్చింది రాజ్యాంగసభలో ఆశయాల తీర్మానం మీద జరిగిన చర్చ. 1946 డిసెంబరు 13న నెహ్రూ గారు ప్రవేశపెట్టిన తీర్మానం అది. 1947 జనవరి 22న ఆమోదం పొందింది. దేశానికి ఇంకా స్వాతంత్ర్యం రాలేదు. మైనారిటీలకు రక్షణ కల్పించాలని ఆ తీర్మానంలో వున్నది. మైనారిటీలంటే ఎవరు? ఏ మతం వాళ్ళు, ఏ రాష్ట్రంలో ఎంతమంది అని సభ అంతా లెక్కలు వేస్తున్నది. అప్పుడు రంగా గారు లేచి, ఈ దేశంలో అసలైన మైనారిటీలు మతాల లెక్కన తేలేవాళ్ళు కారని, పేద జనసామాన్యమే అసలైన మైనారిటీ అని వాదించారు. సంఖ్యలో అందరికంటే ఎక్కువ వున్నవాళ్ళను పట్టుకొని మైనారిటీ అనటం ఏమిటని నాకు ముందు తికమకైంది. రెండవసారి చదివితే అర్థమైంది. మామూలు పౌరహక్కులు కూడా వాడుకోలేనంతగా అణగిపోయిన వాళ్ళు ఎంతమంది వుంటేనేం? హక్కులు కాగితం మీద రాసి ఇస్తే సరిపోదు, వాటిని అందుకోవటానికి వాళ్ళకు ఆసరా కావాలి, నిచ్చెన కావాలి అన్నారాయన.

ఆ వెంటనే ఆయన అడవిలోకి వచ్చారు. గిరిజన ప్రాంతాలకు వెళ్ళి చూడండి అన్నారు. వాళ్ళ భూములు పరాయివాళ్ళకు పోరాదని కట్టుబాటు వున్నది, చట్టమున్నది. అయినా వ్యాపారులు అక్కడికి పోతారు, రకరకాల పత్రాల మీద వేలిముద్రలు వేయించుకుంటారు, భూములు లాక్కుంటారు, ఆ మనుషులను తరతరాల బానిసలుగా కట్టివేసుకుంటారు అని, ఇంచుమించు ఈ అర్థం వచ్చేట్టు చెప్పారు.

ఆ పుట దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకో చెప్పాలంటే మా వూరి సంగతి చెప్పాలి.

మాది గంగారం. నర్సంపేట దాటి, పాఖాల అడవి దాటి, కొత్తగూడ మీదుగా బస్సు వస్తుంది. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 నుంచి మహబూబాబాదు జిల్లా. ఏజెన్సీ. మేడారం జాతరకు పగిడిద్దరాజు మా మండలంలోని పూనుగొండ్ల నుంచే నడిచి పోతాడు. మాది కోయ కుటుంబం. మా తాతకు కోయమాట బాగా వచ్చు, బాపుకు అర్థమవుతుంది, నాకు పదిమాటలు వస్తయి. మాకు పట్టా భూమి మూడెకరాలు, దానికి అంటుకొని కొంత పోడు. వాన పడితే పత్తి, దొరికితే మక్కలు, కుంట నిండిన యేడు ఒక మడి వడ్లు.

మా భూమిని మేం అమ్మలేం, గిరిజనేతరులు కొనలేరు. 1/70 అని మా దగ్గర చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వచ్చాయి. 1970లో వాటిని గట్టిగా బిగించారు. అదే 1/70. ఏజెన్సీలో భూమి ఎవరి చేతిలో వున్నా, వేరేగా రుజువు కానంతవరకు అది గిరిజనుడిదేనని భావించాలని, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మటం కూడా కుదరదని అందులో వున్నది. మంచి చట్టం. మా భూమి మా పేరు మీద వుండటానికి అదే కారణం. ఇందులో నాకు ఏ అనుమానమూ లేదు.

కాని జూన్‌లో ఏం జరుగుతుందో చూడండి. బాపు చేతిలో పైసలుండవు. బ్యాంకు లోను పాత బాకీ కింద ఎప్పుడో ముడివడింది. అప్పుడు పోయేది సావుకారి దుకాణానికే. పత్తి గింజల ప్యాకెట్లు, డి.ఏ.పి., యూరియా, పురుగుల మందు అన్నీ అక్కడే. అన్నిటికీ ఒకటే చిట్టీ. నూటికి మూడు రూపాల మిత్తి. చిట్టీ మీద సంతకం కింద రాయని షరతు ఇంకొకటి వుంటుంది. పంట ఆయనకే తేవాలి. కాంటా ఆయనదే, తరుగు ఆయన చెప్పిందే, రేటు ఆయన కట్టిందే. 2024-25లో పొడుగు పింజ పత్తికి ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. మా చిట్టీలో లెక్క కట్టింది 6,500. "ఏనుమాముల మార్కెట్‌కు కొంటవోదాం బాపూ" అన్నాను. "కొంటవోతే వచ్చే యేడు గింజలెవరిస్తరు?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. రసాయనశాస్త్రంలో అయితే సమీకరణం రెండువైపులా సరితూగాలంటారు. ఆ చిట్టీలో ఏ యేడూ సరితూగలేదు.

అంటే ఏమైంది? భూమి మా పేరు మీదనే వున్నది, చట్టం ప్రకారం ఇంచు కదలలేదు. ఆ భూమి మీది పంట మాత్రం మొలకెత్తక ముందే అమ్ముడుపోయింది. మా పక్క గూడేల్లో ఇంకా ముందుకు పోయింది. పట్టా ఒక కోయ మనిషిది. సేద్యం చేసేది బయటినుంచి వచ్చిన ఆసామి. పట్టాదారు తన చేలోనే కూలికి పోతాడు. కాగితం చూస్తే చట్టం గెలిచింది. చేను చూస్తే సంగతి వేరు. రంగా గారు 1947లో ఢిల్లీలో చెప్పిందీ ఇదే. చట్టం వున్నది, అయినా మనిషి పత్రానికి కట్టుబడి వున్నాడు.

ఆయన ఆ మాట చెప్పేనాటికి మా ప్రాంతం ఇండియాలో లేదు, నిజాం రాజ్యంలో వున్నది. ఆయన చూసింది మా గంగారాన్ని కాదు, మద్రాసు రాష్ట్రపు ఏజెన్సీలను. అక్కడ 1917లోనే గిరిజనుల భూములు పోకుండా ఒక చట్టం చేశారు. అంతకంటే ముందు, తర్వాత కూడా తిరుగుబాట్లు జరిగాయి. అల్లూరి సీతారామరాజు పోరాటం 1922 నుంచి 1924 దాకా నడిచింది గదా. పైగా రంగా గారు నీలగిరి కొండజాతుల ఆర్థిక స్థితిగతులను పరిశీలించి 1930లలోనే ఒక పుస్తకం రాశారు. అందువల్ల గాలిలో మాట్లాడలేదు. చూసి మాట్లాడారు. ప్రయోగశాలలో మా సార్లు రీడింగు తీసుకోకుండా ఫలితం రాస్తే రికార్డు వెనక్కి విసిరేస్తారు. రంగా గారి ఆ ప్రసంగంలో రీడింగు వున్నది. అందుకే దాదాపు 80 ఏండ్ల తర్వాత, ఇంకో జిల్లాలో, ఇంకో పంట మీద కూడా అది సరిపోతున్నది.

ఆ ప్రసంగంలో ఇంకొక మాట కూడా వున్నది. మనం ఇక్కడ ఎవరికి ప్రతినిధులం? సామాన్య జనానికి. కాని మనలో చాలామందిమి ఆ సామాన్యులం కాము. వాళ్ళు ఇంకా ఇక్కడిదాకా రాలేకపోతున్నారు, వచ్చేదాకా వాళ్ళ తరఫున మనం మాట్లాడుతున్నాం అన్నారాయన. ఒప్పుకోవటానికి ధైర్యం కావాలి. అయితే నాదొక చిన్న అభ్యంతరం. అదే చర్చలో, 1946 డిసెంబరు 19న, జైపాల్ సింగ్ మాట్లాడారు. ముండా తెగవాడు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టుకు నాయకుడు. ఆదివాసులకు ప్రజాస్వామ్యం నేర్పాల్సిన పనిలేదు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలి అనే ధోరణిలో తన జనం గురించి తానే చెప్పుకున్నారు. రాలేకపోయారన్నది నిజమే, కాని ఒక్కడైనా వచ్చాడు. రెండు ప్రసంగాలూ పక్కపక్కన పెట్టుకొని చదివితే తేడా తెలుస్తుంది. రంగా గారి మాటలో జాలి, లెక్క రెండూ వున్నాయి. జైపాల్ సింగ్ మాటలో జాలికి చోటే లేదు.

ఇంతవరకు చదివేసరికి నేను రంగా గారికి అభిమానినైపోయాను. ఇక్కడే ఆపివుంటే వ్యాసం రాయటం సులువు. కాని సార్ "ఒక మనిషిని పట్టుకో" అన్నారు గాని "ఒక ప్రసంగాన్ని పట్టుకో" అనలేదు. ముందుకు పోయాను.

1952లో మొదటి రాజ్యసభ కూర్చున్నది. ఆంధ్రదేశం నుంచి ఇద్దరు రైతుబిడ్డలు అందులో వున్నారు. ఒకరు రంగా గారు. అప్పటికి కాంగ్రెస్ వదిలి కృషికార్ లోక్ పార్టీ పెట్టుకొని వున్నారు. రెండవవారు పుచ్చలపల్లి సుందరయ్య గారు. సైకిలు మీద పార్లమెంటుకు పోతారని పేరు. కమ్యూనిస్టు పక్ష నాయకుడు. ఇద్దరూ భూమి వున్న కుటుంబాల్లో పుట్టినవాళ్ళే, ఇద్దరూ రైతు అనే మాటను రోజూ పలికినవాళ్ళే. ఒకరి దృష్టిలో రైతంటే తన భూమి తాను దున్నుకునేవాడు, ఆ భూమి మీద ప్రభుత్వం చెయ్యి వేయరాదు. రెండవవారి దృష్టిలో రైతంటే ముందు భూమి లేనివాడు, వాడికి భూమి రావాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో దాదాపు 3,000 గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచారని సుందరయ్య గారు రాసుకున్నారు. సభ ఒకటే, మాట ఒకటే, అర్థాలు రెండు.

1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం కావాలని, భూపరిమితి పెట్టాలని తీర్మానించింది. రంగా గారు మళ్ళీ కాంగ్రెస్‌లోకి వచ్చి పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా వున్నారప్పుడు. రాజీనామా చేసి బయటికి వచ్చేశారు. నెహ్రూ గారు అంత ఎత్తున వున్న రోజుల్లో ఆయనకు ఎదురు చెప్పి పదవి వదులుకోవటం చిన్న సంగతి కాదు. ఆ యేడే రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు. రంగా గారే అధ్యక్షుడు. 1962 ఎన్నికల్లో తెనాలిలో ఓడిపోయి, చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి, మళ్ళీ లోక్‌సభకు వెళ్ళి తమ పక్షానికి నాయకత్వం వహించారు.

తర్వాత వచ్చింది 17వ రాజ్యాంగ సవరణ. 1964 జూన్ 20న అమలులోకి వచ్చింది. జమీందారీ భూములకు వర్తించిన 'ఎస్టేటు' అనే మాటను రైత్వారీ భూములకు కూడా వర్తింపజేసి, భూసంస్కరణల చట్టాలు 44ను కోర్టులు కొట్టివేయకుండా తొమ్మిదవ షెడ్యూలులో చేర్చిన సవరణ ఇది. స్వతంత్ర పార్టీ దీన్ని లోపలా బయటా ఎదిరించింది. రైతు నాలుగెకరాలు కూడబెట్టుకుంటే జమీందారుతో సమానం చేస్తారా, పట్నాల్లో ఆస్తులకు, మిల్లులకు లేని పరిమితి నాగలి పట్టినవాడికే ఎందుకని ఆ పక్షంవారి వాదన. ఓటింగులో ఓడిపోయారు. కాని ఆ సవరణలోనే ఒక షరతు వున్నది. పరిమితికి లోబడి రైతు సొంతంగా సాగు చేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకోవలసి వస్తే, మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాలి. అది ఇవాళ కూడా రాజ్యాంగంలో 31ఏ అధికరణంలో వున్నది. ఆ గొడవంతా జరగకుంటే ఆ షరతు వచ్చేదా అని అనుమానం కలుగుతుంది.

ఆయన వాదన చదువుతుంటే గుంటూరు డెల్టాలో అయిదెకరాల మాగాణి వున్న రైతు కళ్ళముందు నిలబడతాడు. ఆ రైతుకు అది న్యాయమైన వాదనే. మా బాపుకు కూడా సగం న్యాయమే. తన భూమి తనకే వుండాలని బాపు కోరుకుంటాడు, ఉమ్మడి వ్యవసాయం అంటే పరుగెత్తుకొని ఇంటికొస్తాడు. కాని జనగామ వైపు కథ వేరు. అక్కడ విసునూరు దేశ్‌ముఖ్ కింద వేల ఎకరాలుండేవి, వెట్టి వుండేది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు పడిపోయింది ఆ దొర రాజ్యంలోనే. అక్కడ పరిమితి లేకుండా భూమి ఎట్లా చేతులు మారాలి? హాస్టల్లో నా పక్క గదిలో వుండే మిత్రునిది ఆ వైపే. వాళ్ళ తాతకు 1950 నాటి కౌలుదారీ చట్టం కింద రెండెకరాలు దక్కాయట. నేను రంగా గారి వాదన వినిపిస్తే వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. "ఆయన మాటే గెలిచివుంటే మా తాత జీతగాడుగనే సచ్చేటోడు" అన్నాడు. ఆ రాత్రి మేం ఒంటిగంట దాకా కొట్లాడుకున్నాం. మా గదికి పై గది నుంచి చెప్పు వచ్చి పడింది గాని తీర్పు మాత్రం రాలేదు.

నా తీర్పు నేను చెప్తాను, ఒప్పుకోకపోతే పోనీయండి. 1947లో అసలైన మైనారిటీలని ఆయన పేరు పెట్టి పిలిచినవాళ్ళు, 1964 నాటికి ఆయన ప్రసంగాల్లో వెనక వరుసలోకి పోయారు. ముందు వరుసలోకి భూమి వున్న రైతు వచ్చాడు. ఆ రైతుకు గిట్టుబాటు ధర కావాలని, వడ్డీ వ్యాపారి పట్టు వదలాలని ఆయన చివరిదాకా అడుగుతూనే వున్నారు. ఆ మాట వరకు ఆయనను మించిన వకీలు మనకు దొరకలేదు. కాని భూమి ఏ మాత్రం లేనివాడికి ధర ఎంత పెరిగితే ఏం లాభం? వకీలు ఎంత పెద్దవాడైనా ఒక కక్షిదారు కోసం ఇంకొక కక్షిదారుని మరిచిపోతే, ఆ మరపును గుర్తు చేయటం మర్యాద తక్కువతనం కాదని నా వుద్దేశం. ఇంత తెలుసుకోవటానికి వీలైందంటే కారణం ఒకటే. ఆయన మాట్లాడారు, సభ విన్నది, ఎవరో కూర్చొని ప్రతి ముక్కా రాసిపెట్టారు.

ఇక్కడ ఇంకొక సభా దినం గుర్తుకు రాక తప్పదు. 2020 సెప్టెంబరు 20, ఆదివారం. నేను అప్పుడు బళ్ళో చదువుతున్నాను. కరోనా వల్ల బడులు బంద్. టీవీలో రాజ్యసభ వస్తున్నది. మూడు వ్యవసాయ చట్టాల్లో రెండు ఆ రోజు అక్కడ నెగ్గాయి. ఓట్లు లెక్కించండి అని ప్రతిపక్షం అడిగింది. లెక్కించలేదు, మూజువాణీతో అయిపోయింది. సభలో కాగితాలు చిరిగాయి, మరునాడు ఎనిమిదిమంది సభ్యులను సస్పెండ్ చేశారు. ఆ తర్వాత ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాదికి పైగా కూర్చున్నారు. 2021 నవంబరు 29న ఆ చట్టాలను రద్దు చేసే బిల్లు రెండు సభల్లోనూ చర్చ లేకుండానే నిమిషాల మీద నెగ్గింది. చట్టాలు మంచివా చెడ్డవా అన్న వాదన ఇక్కడ ఎత్తను, దానికి ఇంకో సావనీరు కావాలి. నా బాధ వేరు. పెట్టినప్పుడు ఓట్లు లెక్కించలేదు, తీసినప్పుడు మాటలు లేవు. 80 ఏండ్ల తర్వాత ఎవరైనా ఒక బి.యస్సీ. పిల్లవాడు జిరాక్సు తీయించుకొని నిఘంటువు పెట్టుకొని కూర్చుంటే, ఆ రద్దు రోజు నుంచి వాడికి దొరికేది ఏముంటుంది?

వక్తృత్వపు పోటీలో నాకు రెండవ బహుమతి వచ్చింది. మొదటి బహుమతి "రాజ్యసభ అనవసరం" అన్న అమ్మాయికి పోయింది. బాగా మాట్లాడింది, న్యాయంగానే పోయింది.

దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ జిరాక్సు కాగితాలు వెంట తీసుకుపోయాను. రాత్రి అన్నం తిన్న తర్వాత అరుగు మీద కూర్చొని, 1947 ప్రసంగంలో గిరిజన ప్రాంతాల సంగతి వున్న పుటను బాపుకు తెలుగులో చెప్పాను. ఒక్కొక్క వాక్యం చదవటం, ఆపి చెప్పటం. అవ్వ కూడా గిన్నెలు కడగటం ఆపి వచ్చి గడప మీద కూర్చున్నది. తాతకు సగం వినిపించింది, సగం నేను అరిచి చెప్పాను.

బాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "గా పెద్దమనిషికి మన సంగతి ఎట్ల దెలుసురా?" అన్నాడు.

కొండజాతుల మీద పుస్తకం రాసిండని, మద్రాసు వైపు ఏజెన్సీలు తెలిసినవాడని చెప్పాను.

"మరి గిట్ల జెప్పినంక సర్కారు ఏంజేసింది?"

రాజ్యాంగంలో అయిదవ షెడ్యూలు వచ్చిందని, 1950 డిసెంబరులో మన దిక్కు షెడ్యూల్డు ప్రాంతాలను ప్రకటించారని, ఆ తర్వాత 1/70 వచ్చిందని, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చిందని, ఆ చట్టం వల్లనే 2023లో మన దిక్కు పోడు పట్టాలు పంచారని వరుసగా చెప్పాను. బాపు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"గివన్నీ భూమియి. చిట్టీల సంగతి ఏమన్న వచ్చిందా?"

నిచ్చెన కావాలన్న మాట వున్న చోటును మళ్ళీ చదివి వినిపించాను. తాత నవ్వాడు. "నిచ్చెన గూడ సావుకారి దుకాండ్లనే దొరుకుతదిరా" అన్నాడు. అవ్వ కూడా నవ్వింది. బాపు నవ్వలేదు. కాగితం చేతిలోకి తీసుకొని, చదువు రాని కండ్లతోనే కిందికీ మీదికీ చూసి, మడిచి ఇచ్చేశాడు.

రంగా గారు 1977 నుంచి 1980 దాకా మళ్ళీ రాజ్యసభలో వున్నారు. ఆ సంపుటాలు నేనింకా తెరవలేదు. అటవీ హక్కుల బిల్లు మీద 2006 డిసెంబరులో రెండు సభల్లో జరిగిన చర్చలు కూడా తీయించుకోవాలి. సెమిస్టరు పరీక్షలు అయ్యేదాకా వీలుపడదు, ప్రాక్టికల్ రికార్డులే ఇంకా సంతకాలు కాలేదు. ఈ సంగతి బస్సెక్కే ముందు బాపుకు చెప్పాను. ఆయన నా సంచిలో మక్క కంకులు పెడుతూ, ధర సంగతి మాట్లాడిన కాగితాలుంటే ముందుగాల అవి తెమ్మన్నాడు. పత్తి ఏరుడు మొదలైతదట, కాంటా పెట్టెటాల్లకు అందాలట.